పతకానికి ఏడు కోట్లు.. భుజానికి ఐసు ముక్క

ఒలింపిక్స్‌లో స్వర్ణం తెస్తే 7 కోట్లు, రజతానికి 5 కోట్లు, కాంస్యానికి 3 కోట్లు. 2024లో ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానం ప్రకటించినప్పటి నుంచి చర్చంతా ఈ మూడు అంకెల చుట్టూనే తిరుగుతోంది. పాత విధానంలో స్వర్ణానికి 75 లక్షలే కదా, ఒక్కసారిగా ఇంత పెంచారని మెచ్చుకునేవాళ్లు కొందరు. ఖజానా సంగతేమిటని గుర్రుమనేవాళ్లు ఇంకొందరు. గుర్రుమనేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. వెయిట్‌లిఫ్టింగ్‌ వరకైతే ఆ 7 కోట్లు ఇప్పట్లో ఖజానా గడప దాటవు. ఈ క్రీడలో దేశానికి ఇప్పటిదాకా వచ్చిన ఒలింపిక్ పతకాలు రెండంటే రెండు: 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం, టోక్యోలో మీరాబాయి చాను రజతం. స్వర్ణం తేగల పిల్ల మనకు పుట్టకపోలేదు. లిఫ్టర్ల ఊళ్లైన కొండవెలగాడలోనో స్టూవర్టుపురంలోనో పదహారో ఏట భుజం పట్టేసి, ఎవరికీ చెప్పుకోలేక బార్ వదిలేసి ఉంటుంది.

భుజం నొప్పి మాట ఎత్తగానే మన దగ్గర వినిపించే పాట ఒకటే, రాగాలు రెండు. ‘బరువులెత్తితే భుజాలు పోవా మరి’ అని తల్లిదండ్రులు, వాళ్లకు వంతపాడే డాక్టర్లు. ‘నొప్పి ఓర్చుకోలేనివాళ్లకు పతకమెందుకు’ అని కోచ్‌లు. ఒకరు ఆట మాన్పిస్తారు, మరొకరు నొప్పి దాపిస్తారు. గాయం తప్పదన్న నమ్మకం మాత్రం ఇద్దరిదీ. దీని మీద వ్యాసాలు రాసేవాళ్లు కూడా ఈ రెండు ఒడ్లలో ఏదో ఒకటి పట్టుకుని వేలాడుతున్నారు.

వీళ్లెవరూ చూడని అంకె ఒకటుంది: 90.5. అమెరికా ఒలింపిక్ శిక్షణ కేంద్రాల్లోని వెయిట్‌లిఫ్టర్ల గాయాల మీద ఆరేళ్ల రికార్డులు తిరగేసి, కాల్‌హూన్, ఫ్రై అనే పరిశోధకులు 1999లో ‘జర్నల్ ఆఫ్ అథ్లెటిక్ ట్రైనింగ్’లో ఒక పత్రం ప్రచురించారు. దెబ్బల్లో దాదాపు మూడింట రెండు వంతులు నడుము, మోకాలు, భుజం దగ్గరే. ఇది అందరికీ తెలిసిందే. భుజం గాయాల్లో సగానికి పైగా కండరం బెణుకులు. ఇదీ ఊహించదగ్గదే. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. మొత్తం గాయాల్లో 90.5 శాతానికి సూచించిన విరామం ఒక్క రోజు, లేదా అంతకన్నా తక్కువ. మళ్లీ చదవండి. ఒక్క రోజు.

వెయ్యి గంటల సాధనకు 3.3 గాయాలని కూడా అదే పత్రం తేల్చింది. రోజుకు మూడు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు బార్ పట్టే పిల్లకు వెయ్యి గంటలంటే ఏడాది పైచిలుకు. అంటే ఏడాదికి సుమారు మూడు దెబ్బలు, చాలామటుకు దెబ్బకో రోజు. మూడు రోజుల విరామంతో గట్టెక్కాల్సిన సంవత్సరం మన పిల్లలకు మూడేళ్ల మూలుగుగా ఎందుకు మారుతోంది? జవాబు ఆ పత్రంలోనే దొరుకుతుంది. ఆ గాయాలను రాసిపెట్టింది ఆ కేంద్రాల వైద్య సిబ్బంది. పొద్దున పట్టేసిన భుజాన్ని సాయంత్రంలోగా చూసే మనిషి అక్కడే ఉన్నాడు. 90.5 వెనక ఉన్న రహస్యమంతా అంతే.

మన దగ్గర ఏం జరుగుతుందో జిల్లా స్థాయి పోటీలకు ఒక్కసారి వెళ్లినా తెలుస్తుంది. వార్మప్ హాలు మూలన బెంచీ మీద ఓ అమ్మాయి కూర్చుని ఉంటుంది. కుడి భుజం మీద చేతిరుమాల్లో చుట్టిన ఐసు ముక్క. బయట జ్యూస్ బండివాణ్ని అడిగి తెచ్చుకున్నది. కరిగిన నీళ్లు మోచేతి దాకా కారుతుంటాయి. ‘ఏమ్మా, నొప్పా?’ అంటే, ‘లేదు సార్, ఊరికే’ అంటుంది, ఓ కంట కోచ్‌ను చూసుకుంటూ. నొప్పి అని చెబితే జాబితాలోంచి పేరు పోతుంది. పేరు పోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేనిదే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం లేదు. ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నది ఆ ఉద్యోగం మీదే. అందుకని ఆ నొప్పి ఆమె కడుపులోనే ఉంటుంది. ఊరికెళ్తే ఒకరు నూనె రాసి తోముతారు, ఆర్‌ఎంపీ ఓ సూది పొడుస్తాడు, మరీ ముదిరితే పుత్తూరు కట్టు. ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టును నమ్మేవాళ్లతో నాకు తగవు లేదు. కానీ ఈ పిల్ల భుజంలో విరిగింది ఏమీ లేదు. కదలకుండా కట్టి కూర్చోబెడితే ఇంకా బిగుసుకుపోతుంది.

స్నాచ్ ఎలా ఎత్తుతారో దగ్గర నుంచి చూడండి. చేతులు బాగా ఎడం చేసి పట్టుకున్న బార్ నేల మీంచి ఒక్క ఊపున తలపైకి వెళ్లాలి, అదే క్షణంలో లిఫ్టర్ దాని కిందికి దిగి గొంతుకూర్చోవాలి. పైనున్న బరువును నిలబెట్టాల్సింది భుజం కీలు. ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే కీలు అది. దాని గిన్నె లోతు తక్కువ కాబట్టే అంతగా తిరుగుతుంది, అంత తేలిగ్గా ఇబ్బందిలోనూ పడుతుంది. దాన్ని జారిపోకుండా పట్టి ఉంచేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. వెనక రెక్క ఎముక సరిగ్గా తిరిగి పైకి లేస్తే వాటి మీద భారం తగ్గుతుంది. వీపు పైభాగం బిగుసుకుని ఉన్నా, చీలమండ పూర్తిగా వంగకపోయినా మొండెం ముందుకు వాలుతుంది. అప్పుడు బార్ ముందుకు పడిపోకుండా భుజమే తన హద్దు దాటి వెనక్కి వెళ్లి కాచుకోవాలి. నొప్పి భుజంలో, లోపం చీలమండలో. బామ్ రాసేవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పని తెలిసిన ఫిజియో భుజంతో పాటు పాదమూ చూస్తాడు. ఆ పూటకు స్నాచ్ పక్కన పెట్టించి పుల్స్, స్క్వాట్లతో సరిపెడతాడు. రబ్బరు బ్యాండు ఇచ్చి ఆ నాలుగు కండరాలకు పని చెబుతాడు. మర్నాడు ఉత్త కర్రతో మొదలుపెట్టిస్తాడు. సాధన ఆగదు, భుజమూ మిగులుతుంది. ఒక్క రోజంటే ఇదే.

ఇవేవీ లేకుండానే పతకాలు వస్తున్నాయి కదా అనేవాళ్లు 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్ని చూపిస్తారు. మన లిఫ్టర్లు 5 స్వర్ణాలతో కలిపి 9 పతకాలు తెచ్చారు. స్టూవర్టుపురం బిడ్డ రాగాల వెంకట్ రాహుల్ 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచారు. తమిళనాడుకు చెందిన సతీశ్ శివలింగం తొడ గాయంతోనే దిగి 77 కిలోల్లో స్వర్ణం కొట్టారు. అవే పోటీల్లో, పోటీ స్థలంలో తన వెంట ఫిజియో లేడని, అధికారులకు చెప్పినా ఫలితం లేకపోయిందని స్వర్ణం గెలిచిన రోజే మీరాబాయి చాను బయటపెట్టారు. అప్పుడు మనం చేసిన పనేమిటి? ఫిజియో లేకుండానే తొమ్మిదా అని మురిసిపోయాం. సిగ్గుపడాల్సిన చోట చప్పట్లు కొట్టాం. నాలుగు నెలలు తిరిగేసరికి అదే మీరాబాయి నడుం నొప్పితో ఆసియా క్రీడలకు వెళ్లలేకపోయారు. దీనికి అదే కారణమని నేననను. కానీ గోల్డ్‌కోస్ట్‌ను ఆదర్శంగా చూపించేవాళ్లు కథను ఏప్రిల్‌లోనే ఆపేస్తారు, ఆగస్టు దాకా రారు.

ఆమె భుజం కథ ఇంకా వినదగ్గది. 2017లో ప్రపంచ విజేత. దేశంలో ఏ లిఫ్టర్‌కూ అందనన్ని సదుపాయాలు అందినవారు. అయినా భుజంలోని తేడా సరిచేయించుకోవడానికి 2020 అక్టోబరులో అమెరికా వెళ్లాల్సి వచ్చింది, ఒకప్పుడు తానూ లిఫ్టరే అయిన ఆరన్ హార్షిగ్ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి. ఆరు నెలల తర్వాత తాష్కెంట్ ఆసియా పోటీల్లో క్లీన్ అండ్ జర్క్‌లో 119 కిలోలెత్తారు. అప్పటికి ప్రపంచ రికార్డు. అదే రోజు స్నాచ్‌లో ఎత్తింది 86. పెద్ద లిఫ్టర్ల స్నాచ్ మామూలుగా జర్క్‌లో 80 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది, ఆమెది ఆ రోజు 72. భుజాన్ని ఆలస్యంగా పట్టించుకుంటే లెక్క ఎక్కడ తేలుతుందో ఈ రెండు అంకెల మధ్య కనిపిస్తుంది. ప్రపంచ విజేతకే సముద్రాలు దాటితే గాని దొరకని మనిషి, కొండవెలగాడ పిల్లకు మండల కేంద్రం నెల్లిమర్లలో దొరుకుతాడా?

ఆ అధ్యయనం పాతది, పైగా అమెరికాది అంటారు. పాతదే. అయితే 2017లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్’లో వచ్చిన సమీక్ష కూడా వెయిట్‌లిఫ్టింగ్ గాయాలు వెయ్యి గంటలకు 2.4 నుంచి 3.3 దాకా అనే చెప్పింది. ఇక అమెరికా భుజంలోనూ మన భుజంలోనూ ఆ కండరాలు నాలుగే. ఎంత కాచుకున్నా ఆగని గాయాలుంటాయి, అదీ ఒప్పుకుందాం. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సంకేత్ సర్గర్ రెండో జర్క్‌లో 139 కిలోల దగ్గర మోచేయి దెబ్బతిని 248 వద్ద ఆగిపోయారు, మలేసియా లిఫ్టర్ 249తో స్వర్ణం ఎగరేసుకుపోయారు. అలాంటివి మిగతా 9.5 శాతం. వాటిని చూపించి 90.5ను మరుగున పెట్టడం ఏం న్యాయం? కేంద్రం ‘టాప్స్’ పథకం ఉంది కదా అనేవాళ్లకూ ఒక మాట. ఒలింపిక్ పతకం ఆశ కనిపించినవాళ్లకు అది. ఆ ఆశ కనిపించేదాకా భుజం నిలవొద్దా?

సూది సంగతి విడిగా చెప్పాలి. దానివల్ల భుజంతో పాటు పేరూ పోతుంది. నొప్పికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఒంట్లో ఎక్కడ పొడిచినా సరే, కీలు లోపల పొడిచినా సరే, 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ నిషేధం కింద ఉన్నాయి. పోటీకి కొద్ది రోజుల ముందు ఊరి క్లినిక్‌లో వేయించుకున్న సూది పోటీ నాటి మూత్ర పరీక్షలో బయటపడొచ్చు. వేసినవాడికి అది తెలియదు, వేయించుకున్న పిల్లకు అసలే తెలియదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి కాంస్యం రజతంగా మారింది, స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో దొరికిపోవడం వల్లే. రేపు మన పిల్ల ఆర్‌ఎంపీ సూదికి దొరికిపోతే, ఆ పతకం ఎదుటివాళ్ల మెడలోకి వెళ్తుంది. అప్పుడు మన పెద్దలు ఆమెనే తిడతారు.

పట్నం ఆస్పత్రికి వెళ్తే ఎంఆర్‌ఐ, ఆ వెంటనే ఆపరేషన్ మాట. భుజంలో ఎముక అంచు గీకి కండరానికి చోటు చేసే కీహోల్ ఆపరేషన్‌ను బ్రిటన్, ఫిన్లాండ్ పరిశోధకులు ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి 2018లో ఫలితాలు ప్రకటించారు. రోగికి ఉపయోగపడేంత తేడా ఏమీ తేలలేదు. మరుసటి ఏడాదే ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ నిపుణుల బృందం అలాంటి నొప్పికి ఆ ఆపరేషన్ వద్దని గట్టిగా చెప్పింది. ఆ పరీక్షలు మామూలు రోగుల మీద చేసినవి, తెగిపోయిన కండరానికీ జారిపోయిన కీలుకూ ఆ మాట వర్తించదు. అయినా, ఫిజియో దగ్గర తేలాల్సిన నొప్పికి పొలం తాకట్టు పెట్టి కత్తి కిందికి వెళ్లే కుటుంబాలకు ఆ మాట చెప్పేవాళ్లెవరు?

డబ్బు లేదంటారా, లెక్క వేద్దాం. ఫిజియోకు నెలకు 40 వేల జీతం అనుకోండి. విధానం వచ్చేనాటికి రాష్ట్రంలో 26 జిల్లాలు. జిల్లాకొకరు చొప్పున ఏడాదికి కోటీ పాతిక లక్షలు కూడా కాదు. విధానం నడిచే అయిదేళ్లకూ కలిపి 6 కోట్ల 24 లక్షలు. ఒక్క స్వర్ణానికి ప్రకటించిన 7 కోట్లలో ఇదంతా పోగా ఇంకా 76 లక్షలు మిగులుతాయి. పాత విధానంలో స్వర్ణానికి ఇస్తామన్నది 75 లక్షలు. అంటే పాత రేటుకు స్వర్ణపతక విజేతనూ సత్కరించొచ్చు, ఇరవై ఆరు జిల్లాల్లో భుజాలనూ చూసుకోవచ్చు. ఈ మాత్రం కూడిక, తీసివేత సచివాలయంలో రానివాళ్లు ఎవరూ ఉండరు. ఫిజియో నియామకానికి ప్రారంభోత్సవం ఉండదు, భారీ చెక్కు పట్టుకుని ఫొటో దిగే వీలుండదు. అదొక్కటే ఇబ్బంది.

అన్నిటికన్నా ముందు ఒక్క కాగితం కావాలి. 90.5 అన్న అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆరేళ్ల పాటు ఎవరో ఒకరు ప్రతి దెబ్బనూ రాసిపెట్టారు కాబట్టి పుట్టింది. మన అకాడమీల్లో, క్రీడా పాఠశాలల్లో అలాంటి రిజిస్టరు ఉందా? ఉంటే, గత అయిదేళ్లలో వెయిట్‌లిఫ్టింగ్ మానేసిన పిల్లలెందరో, అందులో భుజం వల్ల మానేసినవాళ్లెందరో స్పోర్ట్స్ అథారిటీ బయటపెట్టాలి. లేకపోతే లేదని ఒప్పుకోవాలి. పిల్లల లెక్కే లేనివాళ్లు 7 కోట్ల లెక్క ఎలా వేశారో అప్పుడు అడుగుదాం.