పంచాయతీ నిధులు అదనుకు అందవలెను



చీడ పట్టిన పిమ్మట మందు చల్లుటకంటె పట్టకుండ చూచుకొనుట చౌక యని మీకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. విత్తనశుద్ధికి ఎకరమునకు పట్టు ఖర్చెంత, తెగులు పొలమంతయు ప్రాకిన పిదప పోవు పంట ఎంత అను లెక్క ప్రతి సేద్యగానికిని తెలిసినదే. ఊరి ఆరోగ్యము విషయమున మాత్రము ఈ లెక్కను మనము వేయుట లేదు. ఆసుపత్రి కావలెనని అర్జీలు పెట్టుకొందుము. అంబులెన్సు వేళకు రాలేదని కోపగించుకొందుము. ఆ రెండును న్యాయమైన కోరికలే. కాని జ్వరము ఊరిలో పుట్టకుండ చేయు పనులేవి, వానికి డబ్బు ఎక్కడినుండి వచ్చుచున్నది, వచ్చు డబ్బు వేళకు వచ్చుచున్నదా అని విచారించువారు అరుదు. ఈ వ్యాసము ఆ డబ్బును గురించి.

ఊరి ఆరోగ్యము డాక్టరు చేతిలోకంటె ముందు పంచాయతీ చేతిలో ఉన్నది. నీళ్ళ ట్యాంకు కడుగుట, నీటిలో బ్లీచింగు పౌడరు కలుపుట, పగిలిన గొట్టము అతుకుట, మురుగు కాలువలో పూడిక తీయుట, చెత్త ఎత్తుట, వాన వెలసిన తరువాత గుంతలు పూడ్చుట - ఇవన్నియు పంచాయతీ పనులు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదకొండవ షెడ్యూలులో చేర్చినది. త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము అందులోనివే. పని అప్పగించినవారు పనికి తగిన డబ్బును అప్పగింపవలెను గదా!

ఇట్టి పనుల బలమెంతటిదో నారికురుపు చరిత్ర చెప్పును. ఒకప్పుడు రాయలసీమ పల్లెలను ఈ వ్యాధి పీడించినది. దిగుడు బావులలో దిగి నీరు ముంచుకొనుటవలన అది ఒకరినుండి ఒకరికి వ్యాపించెడిది. కాలినుండి పురుగు వెలువడుచుండగా మనిషి వారముల తరబడి మంచము పట్టెడివాడు. అదియు తరచుగ పొలము పని ముమ్మరముగ నున్న రోజులలోనే. దానికి టీకా లేదు, నయము చేయు మందు లేదు. 1983-84లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. దిగుడు బావులను చేదబావులుగ మార్చిరి, చేతిపంపులు వేసిరి, నీటిని గుడ్డతో వడకట్టి త్రాగుడని ఇంటింటను చెప్పిరి. 1996 జూలైలో రాజస్థాన్‌లో కనిపించిన రోగియే మన దేశమున చివరివాడు. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఈ వ్యాధి లేని దేశముగ ప్రకటించినది. ఒక రోగము సమూలముగ పోయినది. పోగొట్టినది ఇంజెక్షను కాదు, బావికి కట్టిన గోడ, పంపుకు పెట్టిన ఖర్చు.

దీనికి ఎదురు పాఠమును మలేరియా నేర్పినది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి దేశమున ఏటికి సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చెడిదనియు, 8 లక్షల మంది మరణించెడివారనియు అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమమును, 1958లో నిర్మూలన కార్యక్రమమును చేపట్టగా 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగినది. రోగము పోయినదను ధీమా వచ్చినది. నిఘా సడలినది, మందు సరఫరా వేళకు అందలేదు, దోమలు కూడ మందునకు అలవాటు పడినవి. 1976లో 64 లక్షల మందికి పైగా మలేరియా బారిన పడిరి. కలుపు సగము తీసి వదిలిన చేను ఏమగునో ఇక్కడను అదియే అయినది. ప్రజారోగ్యమునకు ఒక్కసారి ఇచ్చు పెద్ద మొత్తముకంటె ఏటేటా తప్పక అందు చిన్న మొత్తము ముఖ్యమని ఈ రెండు చరిత్రలును చెప్పుచున్నవి.

ఇక లెక్కలకు వత్తము. 15వ ఆర్థిక సంఘము 2021-22 మొదలు 2025-26 వరకు ఐదేండ్లకు దేశములోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసినది. వినుటకు పెద్ద మొత్తమే. 2011 జనాభా లెక్కల ప్రకారము గ్రామీణ జనాభా సుమారు 83 కోట్లు. ఆ లెక్కన తలకు ఏటికి సుమారు 570 రూపాయలు. అదియు గ్రామ, మండల, జిల్లా అంచెలు మూటికిని కలిపి. ఇందులో నూటికి 60 పాళ్ళకు కట్టడి ఉండెను: 30 పాళ్ళు త్రాగునీటికి, 30 పాళ్ళు పారిశుద్ధ్యమునకు. అనగా త్రాగునీటి పద్దున మనిషికి ఏటికి దాదాపు 170 రూపాయలు, రోజుకు అర్ధరూపాయి కంటె తక్కువ. మిగిలిన 40 పాళ్ళను స్థానిక అవసరములకు వాడుకొనుటకు వీలుండెను గాని, జీతములకు, సిబ్బంది ఖర్చులకు వాడుటకు వీలులేకుండెను. కావున ఏటేటా తప్పని ఆ ఖర్చులకు చాలవరకు పంచాయతీ సొంత రాబడియు, రాష్ట్ర ప్రభుత్వపు సాయమును ఆధారము.

ఆ సొంత రాబడి ఎంత? భారత రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో ప్రకటించిన నివేదిక ప్రకారము పంచాయతీరాజ్ సంస్థలకు వచ్చు ప్రతి 100 రూపాయలలో సుమారు 95 రూపాయలు గ్రాంటులే. సొంత పన్నులవలన వచ్చునది ఒక్క రూపాయి. ఇట్టి స్థితిలో గ్రాంటు ఒక్క వాయిదా ఆలస్యమైనను ఊరిలో పని నిలిచిపోవును. కాలువపై ఆధారపడిన ఆయకట్టు వంటిదే ఇది. పైన గేటు మూసిన క్రింద పొలము ఎండును.

గేటు మూతపడుటయు జరిగినది. ఎన్నికైన పాలకవర్గము లేని పంచాయతీకి కేంద్ర గ్రాంటు ఇవ్వరాదని ఆర్థిక సంఘపు నిబంధన. ఐదేండ్ల గడువు ముగియకముందే ఎన్నికలు జరుపవలెనని రాజ్యాంగమే శాసించినది. ఐనను ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరగా 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు జరుగలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదటినుండి ప్రత్యేకాధికారుల పాలన సాగి, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి. నిబంధన మంచిదే, అది లేనిచో ఎన్నికలు ఇంకను వెనుకబడునేమో. కాని ఆ శిక్ష ఎవరికి తగులుచున్నది? ఎన్నికలు వాయిదా వేసినవారికి కాదు. కుళాయి వద్ద బిందె పెట్టుకొని నిలిచిన ఇల్లాలికి. ఎన్నిక జరుగలేదని దోమ గ్రుడ్లు పెట్టుట మానదు.

అందుచేత మా అభిప్రాయము స్పష్టముగ చెప్పుచున్నాము. ఏ కారణముననైనను ఎన్నికలు ఆలస్యమైనచో, ఆ కాలమునకు నిలిచిపోయిన త్రాగునీటి, పారిశుద్ధ్య గ్రాంటుకు సమానమైన మొత్తమును రాష్ట్ర ప్రభుత్వము తన ఖజానానుండి పంచాయతీలకు ఇవ్వవలెను. ఆలస్యమునకు ఖరీదు కట్టిననే ఆలస్యము తగ్గును. ఊరికి నీరును ఆగకుండును.

రెండవ మాట వేళను గురించి. ఈ గ్రాంటులను జూన్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి రెండు వాయిదాలుగ ఇవ్వవలెననియు, కేంద్రమునుండి అందిన 10 పనిదినములలో రాష్ట్రము స్థానిక సంస్థలకు జమచేయవలెననియు, లేనిచో వడ్డీతో చెల్లింపవలెననియు 15వ ఆర్థిక సంఘము చెప్పినది. ఇది చక్కని ఏర్పాటు. మృగశిర కార్తెకు చేతికందిన డబ్బు వానలకు ముందే కాలువల పూడిక తీయించును. కార్తీకమున అందిన డబ్బు జ్వరములు ఊరంతయు తిరిగిన పిదప వచ్చును. అదను తప్పిన విత్తనము ఎంత మేలురకమైననేమి? 2026 ఏప్రిల్ 1 నుండి ఐదేండ్లు 16వ ఆర్థిక సంఘపు సిఫారసుల కాలము. గ్రాంటు మొత్తమును గురించి ఎంత చర్చ జరుగునో, దాని వేళను గురించియు అంత చర్చ జరుగవలెను.

మూడవ మాట నిర్వహణ ఖర్చును గురించి. కట్టడమునకు శంకుస్థాపన ఉండును, శిలాఫలకముండును. మోటారు మరమ్మతుకు, బ్లీచింగు పౌడరుకు అట్టివి లేవు. 15వ ఆర్థిక సంఘము స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకని వేరుగా 70,051 కోట్ల రూపాయలు కేటాయించినది. ఉపకేంద్రములకు భవనములు, రోగపరీక్షల వసతులు అందులో భాగములు. అవి కావలసినవే. కాని మంచి భవనము కట్టిన ఊరిలో క్లోరిను లేని నీరు కుళాయిలకు వచ్చుచున్నచో ఆ భవనము రోగులతో నిండుటకే పనికివచ్చును.

ఒక చిన్న లెక్క చూడుడు. తేరిన 1,000 లీటర్ల నీటికి మంచి బ్లీచింగు పౌడరు సుమారు 2.5 గ్రాములు చాలును. 40,000 లీటర్ల ట్యాంకు రోజుకొకసారి నింపినచో 100 గ్రాములు. ఏడాది పొడుగునను 40 కిలోల లోపే. ఒక్క టైఫాయిడు రోగికి ఆసుపత్రిలో అగు ఖర్చుతో ఊరందరికి ఏడాదికి సరిపడు పౌడరు కొనవచ్చును. పౌడరు కలిపిన గంట తరువాతనే నీరు వదలవలెను. చివరి కుళాయి వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రామైన క్లోరిను మిగిలియుండవలెను. మూత తీసి వదలిన పౌడరు చెమ్మగిలి సత్తువ కోల్పోవును గాన, విత్తనమువలె దానిని పొడిచోట భద్రపరుపవలెను. ఇంత స్వల్పమైన ఖర్చునకు డబ్బు లేదనుకొనవలసిన స్థితి ఏ పంచాయతీకిని రాకూడదు.

పల్లెవారి చేతికి డబ్బిచ్చిన దుర్వినియోగమగునని కొందరందురు. దుర్వినియోగము ఎక్కడను జరుగదని మేము అనము. అయితే మురుగు కాలువలో మునిగియున్న నీళ్ళ గొట్టము ఎక్కడ చిల్లు పడినదో జిల్లా కార్యాలయమునకు కనిపించునా, ఆ వీధివానికి కనిపించునా? కేరళ రాష్ట్రమున 1996లో ప్రజాప్రణాళికను ఆరంభించి, రాష్ట్ర ప్రణాళికా వ్యయములో 35 నుండి 40 పాళ్ళను స్థానిక సంస్థలకు కేటాయించిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను గ్రామ పంచాయతీల అజమాయిషీలో ఉంచిరి. అక్కడ పల్లె ఆరోగ్య కేంద్రమునకు మందుల కొరతయైనచో ప్రజలు అడుగునది తమ ఊరివారినే. అజమాయిషీ దగ్గరగ ఉండుట దుర్వినియోగమునకు విరుగుడే గాని కారణము కాదు.

ప్రభుత్వమును అడుగవలసినవి అడిగితిమి. ఇక మన వంతు కలదు. ఇంటి పన్ను, నీటి పన్ను సకాలమున చెల్లింపవలెను. పన్ను కట్టనివాడు ప్రశ్నించుటకు జంకును. ప్రశ్నించువాడు లేని పంచాయతీ నిద్రించును. సొంత పన్నులు పెరిగిన కొలది పైనుండి వచ్చు వాయిదాకై ఎదురుచూచుట తగ్గును. గ్రామసభకు పురుషులతోపాటు స్త్రీలును తప్పక రావలెను. నీటి మంచిచెడ్డలు వారికి తెలిసినంతగ ఇతరులకు తెలియవు.

రానున్న గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఈ ఏడాది త్రాగునీటి పద్దునకు, పారిశుద్ధ్యపు పద్దునకు ఎంత వచ్చినది, ఏ తేదీన వచ్చినది? అందులో దేనికెంత ఖర్చయినది? ట్యాంకును చివరిసారి ఎన్నడు కడిగిరి? చివరి కుళాయి వద్ద క్లోరిను పరీక్ష ఎన్నడు చేసిరి? మొదటి రెండింటికి జవాబును ఈ-గ్రామస్వరాజ్ పోర్టలులో ఎవరైనను చూడవచ్చును. చదువుకొన్న పిల్లలచే చూపించుకొనుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ మీ ఊరిలో సమావేశమగుచున్నదో లేదో ఆశా కార్యకర్తను అడిగి తెలిసికొనుడు.

నాట్ల వేళ ఇంటిలో ఒకరు జ్వరమున పడినచో పోవునది ఒక్కరి కూలి కాదు. వారికి తోడుండువారి పనియు పోవును, మందులకు అప్పును చేరును, కొన్నిచోట్ల అదనే తప్పును. కావున పంచాయతీ నిధి సేద్యపు పెట్టుబడిలో భాగమే యని ఎంచుడు. ఎరువు వేళకు రాకున్న ఎట్లు నిలదీయుదురో, ఈ నిధి వేళకు రాకున్నను అట్లే నిలదీయుడు.