పాటకు తాళము, పెట్టెకు తాళము

మన పాఠశాలలో ప్రతి యుదయమును ప్రార్థనగీతమునకు శ్రుతి నిచ్చు కీబోర్డును పిల్లలు ఎంత యాశతో చూతురో ఉపాధ్యాయుల మందరము నెరుగుదుము. గీతము ముగిసినతోడనే దానిని పెట్టెలో నుంచి తాళము వేయుటయు నెరుగుదుము. ఇది జాగ్రత్త యని మన తలంపు. నేనును చాలకాలము అట్లే తలంచితిని. ఇప్పుడు ఆ యభిప్రాయమును మార్చుకొంటిని గావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రెండేండ్ల క్రిందట పరీక్షల దినములలో, పిల్లలు తాకి పాడుచేయుదురను భయముచే, నేనే ఆ వాద్యమును పాలిథీను సంచిలో చుట్టి బీరువాలో పెట్టి బీగము వేసితిని. సత్యవేడు ప్రాంతమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఈశాన్యపు వానలు ఎట్టివో మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. సంక్రాంతి సెలవుల పిమ్మట తీసి చూడగా, లోపల మరచిన బ్యాటరీలు కారి స్ప్రింగులకు చిలుము పట్టియుండెను. నడిమి స్థాయిలో నాలుగు మెట్లు పలుకకుండెను. వార్షికోత్సవమున వాయించుటకై వేసవి నుండి అభ్యసించుచున్న బాలిక యొకతె యుండెను. ఇంట వాద్యము లేని పిల్ల. ఆమె ఆ మెట్లను ఒక్కొక్కటిగా నొక్కి చూచి, ఏమియు ననక చేతులు తీసికొనెను. ఆ వాద్యమును పిల్లలెవరును తాకియుండలేదు. పాడుచేసినవాడను నేనే.

లోపల జరుగునది తెలిసికొన్నచో సంరక్షణ సులభము. మెట్ల క్రింద రబ్బరు బుడిపెలును, వాటి యడుగున కర్బనపు బిళ్ళలును ఉండును. మెట్టు నొక్కగా బిళ్ళ క్రిందిపలకను తాకి, స్వరము పుట్టుటకు సంజ్ఞ నిచ్చును. వ్రేలి వేగమునుబట్టి ధ్వని హెచ్చుతగ్గులగు వాద్యములలో ఒక్కొక్క మెట్టునకు రెండేసి స్పర్శస్థానములుండును. ఆ రెంటి నడుమ గడచిన కాలమును కొలిచియే యంత్రము ధ్వనిని నిర్ణయించును. వాటిపై దుమ్ముగాని తేమగాని చేరెనా, మెట్టు మూగవోవును. లేదా ఎంత మెల్లగా నొక్కినను పెద్దగా అరచును.

కావున చేయవలసినది స్వల్పమే. వాయించుటకు ముందు చేతులు కడిగి తుడుచుకొనవలెను. ఈ నియమము మొదట మనకే వర్తించును. సుద్దముక్క పొడి మెట్ల సందులలో చేరుటకు మన వ్రేళ్ళే కారణము. వాయించిన పిమ్మట మెత్తని పొడిగుడ్డతో తుడిచి నూలు ముసుగు కప్పవలెను. సందులలోని ధూళిని మెత్తని కుంచెతో దులుపవలెను. మరక పోనిచో వాద్యమునకు విద్యుత్తు తొలగించి, నీట తడిపి గట్టిగా పిండిన గుడ్డ వాడవలెను. నీరు నేరుగా చిలుకరింపరాదు. పెట్రోలు, థిన్నరు ప్లాస్టిక్కును తినివేయును. కొంతకాలము వాడనిచో బ్యాటరీలు తీసివేయవలెను. ఒకదానికి 12 వోల్టులు, మరియొకదానికి 9.5 వోల్టులు కావలసియుండును గనుక చేతికందిన అడాప్టరును తగిలింపరాదు. ఉరుములు వినబడగానే తీగను గోడనుండి ఊడదీయవలెను. తడిగాలి నాడు పాలిథీనులో చుట్టినచో తేమను లోపల బంధించినట్లే. ఇక పెట్టె విప్పి బిళ్ళలను శుభ్రపరచుట పని తెలిసినవానికే విడువవలెను.

ఇందులో ఎనిమిదవ తరగతి పిల్లలు చేయలేనిది ఏదియు లేదు. తరగతికి ఇద్దరు చొప్పున నెలనెలకు వంతు నియమించి, తుడిచిన దినమును, పలుకని మెట్టును ఒక పుస్తకమున వ్రాయించిన చాలును. నిత్యము వాయించువాడే మెట్టు మొరాయించుటను మొదట కనిపెట్టును. మూసిన పెట్టెలోని చెరుపు ఎవరికిని కనబడదు.

“పిల్లలు క్రింద పడవేసినచో నష్టమెవరు భరింతురు?” అని కొందరు మిత్రులు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. విరాళమిచ్చిన తలిదండ్రులలో కూలిపని చేయువారును కలరు. వారి సొమ్మునకు మనము ధర్మకర్తలము. అందుచేతనే మొదటి నెల ఉపాధ్యాయుడు ప్రక్కన నిలువవలెను. కదలని బల్లపైననే వాయింపవలెను. కాని బంతి చినుగునను భయముచే ఆట మాన్పుదుమా? ఆ తలిదండ్రులు సొమ్మిచ్చినది తమ బిడ్డలు వాయించుటకే గాని, బీరువాలో పెట్టె పదిలముగా నుండుటకు కాదు.

జపానులో హమామత్సు పట్టణపు పాఠశాలయందు 1887లో ఆర్గను చెడిపోగా, తొరకుసు యమహా అను పనివాడు దానిని విప్పి బాగుచేసెను. ఆ పని మూలమున కలిగిన యూహతో తానే ఆర్గనులు చేయ పూనుకొనెను. నేడు మన పిల్లలెరిగిన యమహా వాద్యములు ఆ బడిపెట్టె మరమ్మతునుండి పుట్టినవే. చెడిన పెట్టెను ఆ బడివారు మూలబెట్టి తాళము వేసియుండినచో ఏమగునో యోచింపుడు.

మన వాద్యము బాగుపడి తిరిగివచ్చినది. ఆ బాలిక ఇప్పుడు పై తరగతిలో నున్నది. ఈ యేడు వంతుల పుస్తకమున మొదటి పేరు ఆమెదే కావలెనని నా కోరిక. పెట్టెకు తాళము రాత్రివేళకు చాలును. పగలు పాటకు వేయు తాళమే మనకు వినబడవలెను.