పొట్టి బండిలో పొడుగు మనిషి

హోసూరు నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా పెద్దవాడు ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఇంగ్లండులో ఉద్యోగం. ఈమధ్య మాజ్దా ఎమ్మెక్స్-5 అనే రెండు సీట్ల పాత బండి ఒకటి కొనుక్కున్నాడు. ఫోటో పంపిస్తే చూశాను. తల ముందు అద్దం మీదికి వచ్చి ఉన్నది. మోకాళ్లు స్టీరింగుకు ఇరుపక్కలా పైకి లేచి ఉన్నవి. నడుము నొప్పి అంటాడు, బండిని మాత్రం వదలనంటాడు. సీటు విప్పి లోపలి స్పాంజి కోస్తే సరిపోతుందని స్నేహితులు చెప్పారట. కోయవచ్చునా? లేక అమ్మివేయమని నేనే గట్టిగా వ్రాయనా?"

అమ్మా, నడుము సంగతి తరువాత చూద్దాము. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట అది కాదు. తల ముందు అద్దం మీదికి వచ్చింది అన్నారే, అది. నడుము నొప్పి మనిషిని విసిగిస్తుంది. ఆ తల సంగతి అంతకంటె పెద్దది. స్పాంజి కోయడం గురించి కూడా అక్కడినుంచే ఆలోచించాలి.

ముందు బండిని గురించి నాలుగు మాటలు. 1960ల నాటి ఇంగ్లీషు చిన్న బండ్లు, ముఖ్యంగా లోటస్ ఎలాన్, చూసి ముచ్చటపడి జపాను కంపెనీ వారు ఈ బండి తయారుచేశారు. 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో మొదట జనానికి చూపించారు. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయినవి. రెండు సీట్ల టాపు లేని బండి ఇంతగా అమ్ముడుపోవడం లోకంలో మరొకటి లేదు. మొదటి తరం బండి గుడ్డ టాపు వేసి ఉన్నా నేలనుంచి సుమారు నాలుగడుగుల ఎత్తు మాత్రమే. మన ఇళ్లలో పాతకాలపు భోషాణం మీద ఇంకొక పెట్టె పెడితే అంత అవుతుంది కాబోలు.

అంత పొట్టిబండిలో మనిషి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోడు. కాళ్లు ముందుకు చాపి, నేలకు జానెడు ఎత్తున పడక్కుర్చీలో ఒరిగినట్టు కూర్చుంటాడు. మరి సీటును ఇంకాస్త వెనక్కి జరుపుకోరాదా అంటారు. జరగదు. సీటు వెనకనే ఇనపరేకు గోడ, ఆ గోడ వెనక పెట్రోలు ట్యాంకు. మొదటి తరం బండిలో స్టీరింగు కూడా ఎక్కడ బిగించారో అక్కడే. పైకీ కిందికీ కదలదు, ముందుకూ వెనక్కీ రాదు. వెనక గోడ, ముందు చక్రం, పైన గుడ్డ. మధ్యలో మీవాడు.

ఇందులో కంపెనీ వారి తప్పేమీ లేదు సుమండీ. బండ్లు గీసేవారు వందమంది మగవాళ్లను ఎత్తుప్రకారం వరసగా నిలబెట్టినట్టు ఊహించుకొని, తొంభై అయిదవవాడి వరకూ సరిపడేట్టు లెక్కవేస్తారు. చివరి అయిదుగురూ వారి అవస్థ వారు పడవలసిందే. ఆరడుగుల మూడంగుళాలవాడు అమెరికాలోనే ఆ చివరి అయిదుగురిలో ఉంటాడు.

అయితే నిలుచున్న ఎత్తు ఇక్కడ సగం సంగతే చెబుతుంది. ఒకే ఎత్తు మనుషులు ఇద్దరిని పీటమీద కూర్చోబెడితే ఒకడి తల రెండోవాడి తలకంటె రెండు మూడు అంగుళాలు ఎక్కువ రావచ్చు. ఒకడిది పొడుగు మొండెం, ఒకడివి పొడుగు కాళ్లు. మొండెం పొడుగైనవాడికి తల చిక్కు. కాళ్లు పొడుగైనవాడికి మోకాళ్ల చిక్కు. మందు వేరు వేరు. స్నేహితుడికి పనికివచ్చిన చిట్కా మీవాడికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. మీవాడికి తలా, మోకాళ్లూ రెండూ తగులుతున్నవి గనుక రెండూ చూడాలి.

మోకాళ్ల మందు సులువు. మడమ మందంగా ఉన్న బూట్లు విడిచి పలుచని అడుగున్న జోళ్లు వేసుకొంటే అర అంగుళం దిగుతుంది. ప్యాంటు వెనక జేబులో డబ్బుసంచి పెట్టుకొని నడపరాదు. నడుము ఒక పక్కకు వంగేది దానివల్లనే. సీటును పూర్తిగా వెనక్కి జరిపి, క్లచ్చి చివరిదాకా తొక్కి చూడాలి. అప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వీపును సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. అది అందకపోతే సీటు వీపును కాస్త నిలబెట్టాలి. నిలబెడితే తల పైకి పోతుంది. మళ్లీ తల దగ్గరకే వచ్చాము, చూశారా!

చాలామంది పొడుగువాళ్లు ఇక్కడ ఒక పని చేస్తారు. తల తగ్గించుకోవడానికి పిరుదులు ముందుకు జార్చి, వీపు మధ్యభాగం గాలిలో వదిలి కూర్చుంటారు. మీవాడి నడుము నొప్పి సగం ఇందువల్లనే అయి ఉంటుంది. నొప్పి ఒక్కటే అయితే సహించవచ్చును. అలా జారి కూర్చున్నవాడి సీటుబెల్టు తుంటి ఎముక మీద ఉండక పొట్టమీదికి పాకుతుంది. గుద్దుకొన్నప్పుడు తుంటి ఎముక ఓర్చుకునే దెబ్బను పేగులు ఓర్చుకోలేవు. మనిషి బెల్టు కిందనుంచి జారిపోవడం కూడా కద్దు. ఈ కూర్చోవడం ముందు మానిపించండి.

కొందరు స్టీరింగు తీసివేసి చిన్న చక్రం బిగిస్తారు. తొడలకు రెండు వేళ్ల ఖాళీ దొరికేమాట నిజమే. కాని ఆ తరం బండ్లలో కొన్నిటికి స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉన్నదాన్ని తీసివేసి రెండు వేళ్ల ఖాళీ కొనుక్కోవడం నాకు నచ్చదు. లేని బండి అయితే ఆ చక్రం మార్చుకోవడంలో తప్పులేదు.

ఇక స్పాంజి. ఇది మంచి ఉపాయమే. ఈ బండ్లు వాడే పొడుగువాళ్లు ఎందరో చేసుకొన్నారు. సీటు నాలుగు బోల్టుల మీద ఉంటుంది. విప్పి బయటికి తెచ్చి, పైతొడుగును పట్టి ఉంచే తీగ ఉంగరాలు జాగ్రత్తగా తీసి, లోపలి స్పాంజిని రొట్టె కోసే పళ్ల కత్తితో పొరలు పొరలుగా తీస్తారు. నేర్పుగా చేస్తే తల అంగుళం మొదలు రెండంగుళాలవరకూ దిగుతుంది. వీపు వైపు కూడా ఒక పొర తీస్తే మనిషి వెనక్కి జరిగి మోకాళ్లకూ చోటు వస్తుంది. ఖర్చు లేదు, ఒక ఆదివారం చాలు.

కాని కోసే చోటు తెలిసి కోయాలి. పిరుదు ఎముకలు రెండూ ఆనేచోట లోతుగా తీయాలి. తొడలకింద, ముందు అంచున, తీయకూడదు. ముందుభాగం అలాగే ఉంటే తొడలకు ఆనుదల దొరుకుతుంది. పొడుగు కాళ్లవాడికి ఆ ఆనుదల లేకపోతే బరువంతా నడుము మీదనే పడుతుంది. అంతా సమంగా చెక్కివేసినవాళ్లు ఆ తరువాత వారం రోజులకు నడుము పట్టుకొని తిరగడం వింత కాదు. ఒక్కసారే లోతుకు పోరాదు. ఒక పొర తీసి, తొడుగు ఊరికే కప్పి, సీటు బండిలో పెట్టి, కూర్చుని చూడాలి. మరీ అడుగంటా తీస్తే ఇనపచట్రం తగులుతుంది. గతుకులో ఆ చట్రం వెన్నుపూసను పలకరిస్తుంది. కొత్తరకం బండ్లలో సీటులోనూ సీటుకిందా ఎయిర్‌బ్యాగు తీగలు ఉంటాయి గనుక బ్యాటరీ విప్పి కొంతసేపు ఆగినగాని చేయి పెట్టరాదు.

స్పాంజి తీయడంలో మరొక లాభం ఉన్నది. ఈ బండి సీటుకు తలదిండు వేరుగా లేదు, వీపుతో కలిసే ఉంటుంది. పైకి లాగడానికి వీలు లేదు. పొడుగువాడి తల దానికి పైన ఉంటే, వెనకనుంచి ఎవరైనా గుద్దినప్పుడు మెడ వెనక్కి విరుగుతుంది. మనిషి దిగితే తల ఆ దిండుకు ఎదురుగా వస్తుంది.

కొందరు సీటు పట్టాలనే కోసి, నేలకు తిన్నగా వెల్డింగు చేయించి, మరో అంగుళం సంపాదిస్తారు. అది ఇంటివాకిట చేసే పని కాదు. గుద్దుకొన్నప్పుడు మనిషి బరువు ఎన్నో రెట్లయి ఆ నాలుగు బోల్టులమీద పడుతుంది. ఇంగ్లండులో ఏటేటా జరిగే బండి పరీక్షలో డ్రైవరు సీటు గట్టిగా ఉన్నదా లేదా అని చూస్తారు కూడా. ఏ మార్పు చేసినా బీమా కంపెనీకి తెలియజేయాలి. లేకపోతే ఆపదవేళ వాళ్లు చేతులెత్తివేస్తారు.

ఇప్పుడు తల. టాపు లేని బండి పల్టీకొడితే నేలకు తగిలేవి రెండు: ముందు అద్దం చట్రం, వెనక మనిషి తల. గుడ్డ టాపు కమ్మీలు గొడుగు ఊచలవంటివి. వానకు పనికివస్తాయి గాని బండి బరువుకు కాదు. మొదటి తరం ఎమ్మెక్స్-5లో సీట్ల వెనక ఉక్కు కమాను ఏదీ ఉండదు. దానిని విడిగా కొని బిగించుకోవాలి. రోల్‌బార్ అంటారు. పందెపు క్లబ్బులవారు దీనికొక చక్కని పరీక్ష పెట్టారు. పొడుగాటి చీపురుకర్ర తీసుకొని, ఒక కొన ఆ కమాను మీద, రెండో కొన ముందు అద్దం పైఅంచు మీద ఆనిస్తారు. కూర్చున్నవాడి శిరస్త్రాణం ఆ కర్రకు తగలకూడదు. రెండంగుళాల ఖాళీ ఉండాలని అడిగేవారూ ఉన్నారు. ఇంతకంటె చవకైన యంత్రపరీక్ష నేనెరుగను.

ఇందులో చిక్కేమిటంటే, ఆ కమాను కూడా చోటు తింటుంది. సీటు వెనక్కి జరిగేచోటనే అది నిలబడుతుంది. కొన్ని రకాలు సీటును అంగుళం ముందుకు నెట్టివేస్తాయి. స్పాంజి కోసి సంపాదించిన చోటు కమానుకు పోతుంది. అదీగాక పొడుగువాడి తలకు ఆ ఉక్కు గొట్టం దగ్గరగా ఉంటే, శిరస్త్రాణం లేకుండా రోడ్డుమీద తిరిగేవాడికి వెనక దెబ్బ తగిలినప్పుడు అదే సుత్తి అవుతుంది. దానికి గట్టి రబ్బరు పొర కట్టాలి. కనుక కొనేముందే, సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంచి, కమాను ఎక్కడ నిలుస్తుందో కొలిచి చూసుకోవాలి.

మీవాడు ఒంటరివాడు కాడని చెప్పండి. అమెరికా పందెగాడు డాన్ గర్నీ ఆరడుగులమీద మూడు నాలుగంగుళాల మనిషి. ఆయన నడపవలసిన ఫోర్డు జీటీ40 బండికి ఆ పేరు వచ్చిందే నలభై అంగుళాల ఎత్తునుబట్టి. శిరస్త్రాణం పెట్టుకొంటే తల కప్పుకు తగులుతున్నది. అప్పుడు కప్పుమీద, ఆయన తల వచ్చేచోట, బోర్లించిన గిన్నెలాగా ఒక బుడిపె తేల్చారు. 1967లో లెమాన్సు ఇరవైనాలుగు గంటల పందెంలో ఆయనా, ఫోయిట్ అనే మరొక అమెరికనూ ఆ బుడిపె బండిమీద 5,200 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి గెలిచారు. దానికి గర్నీ బుడిపె అనే పేరు స్థిరపడింది. అంతకు పదేళ్లముందే ఇటలీలో జగాటో వారు చిన్న ఫియట్ అబార్త్ బండ్లకు ఇద్దరి తలలకూ రెండు బుడిపెలు పెట్టి ఉన్నారు. టాపు ఎత్తకుండా తలకు మాత్రమే చోటివ్వడం ఎంత తెలివి!

ఒంటి సీటు పందెపు బండ్లలో ఇది మరీ కష్టం. జస్టిన్ విల్సన్ అనే ఆంగ్లేయుడు, అతనూ ఆరడుగుల నాలుగంగుళాలు, 2003లో మినార్డీ వారి ఫార్ములా వన్ బండిలో ఇరుక్కుని నడిపాడు. పొడుగువాడు బరువు కూడా ఉంటాడు గనుక ఓడిపోతున్నాడని, 2019లో డ్రైవరూ సీటూ కలిపి కనీసం 80 కిలోలు ఉండాలని నిబంధన పెట్టారు. బక్కవాళ్లు తక్కువైన బరువును సీసంవంటి లోహంతో పూరించుకోవాలి. ఆ బండ్లలో సీటు కొనేది కాదు, పోసేది. ప్లాస్టిక్ సంచిలో రెండు ద్రవాలు కలిపి పోసి మనిషిని దానిమీద కూర్చోబెడితే, అది పొంగి వీపు అచ్చున గట్టిపడుతుంది. మన కోయంబత్తూరులో కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు బండ్లు కట్టించి కుర్రవాళ్లచేత పందేలు నడిపించిన సంగతి తమిళనాట ఉన్న మన చదువరులకు గుర్తుండే ఉంటుంది. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. అమ్మివేయమని ఇప్పుడే వ్రాయకండి. ముందుగా బూట్లు, కూర్చునే తీరు మార్చమనండి. తరువాత స్పాంజి కొద్దికొద్దిగా తీసి, కమాను కొలత చూసి, చీపురుకర్ర పరీక్ష చేయమనండి. పక్కనుంచి స్నేహితుడిచేత ఫోటో తీయించి మీకు పంపమనండి. కర్ర కిందనో పైననో తల మీకే కనిపిస్తుంది. కింద ఉంటే బండి ఉంచుకోనివ్వండి. గంటకొకసారి దిగి నాలుగడుగులు నడవమనండి. అన్నీ చేసినా తల కర్రకు పైననే ఉంటే, అప్పుడు గట్టిగానే వ్రాయండి. బండిమీద మోజు తీరనివాడైతే, 2005లో వచ్చిన మూడవ తరం బండి కొంత పెద్దది, స్టీరింగు పైకీ కిందికీ కదులుతుంది, సీట్ల వెనక కమానులు బండితోనే వస్తాయి. 2019 నమూనానుంచి స్టీరింగు ముందుకూ వెనక్కీ కూడా జరుగుతుంది. అందులో ఒకసారి అరగంట కూర్చుని చూడమనండి.

కోసిన స్పాంజి ముక్కలు మాత్రం పారవేయవద్దనండి. సంచిలో కట్టి వరస నంబర్లు వేసి డిక్కీలో ఉంచాలి. ఎప్పుడో అమ్మవలసి వస్తే కొనేవాడు అయిదడుగుల నాలుగంగుళాలవాడు కావచ్చును.