ఆమె కూలి ఎవరి లెక్కలో?

సంక్రాంతి దాటేసరికి కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో ఊళ్లు పలచబడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు ప్రాంతాల కుటుంబాలు తిండిగింజలు, వంటసామాను మూటగట్టుకుని మిర్చి కోతలకు గుంటూరు, పల్నాడు పొలాలకు తరలిపోతాయి. వానను నమ్ముకున్న సేద్యం, పనిలేని వేసవి వారిని ఊరు దాటిస్తున్నాయి. మిల్లుల రాకతో దూది ఏకే వృత్తి చితికి, కూలీలుగా మారిన దూదేకుల కుటుంబాలూ ఈ వలసలో ఉన్నాయి. కనుక ఇది మనకు పరాయి సమస్య కాదు.

వలస గురించి మాట్లాడేటప్పుడు మనం కుటుంబాన్ని ఒక్కటిగా చూస్తాం. కూలి లెక్కలోనూ అదే జరుగుతోంది. కాయ కోసేవారిలో అధికులు స్త్రీలు. మోయడం, కళ్లంలో ఎత్తడం, టిక్కీలు తొక్కడం పురుషుల పని. రోజు కూలి ఇచ్చేచోట కోతకు తక్కువ, మోతకు ఎక్కువ. కిలోల లెక్కన ఇచ్చేచోట రేటు ఒకటే అయినా, ఇంటిల్లిపాదీ కోసిన కాయ ఒకే తూకానికి వస్తుంది. డబ్బు ఇంటి పెద్ద చేతికి పోతుంది. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల్లో ఈ తీరు మరింత స్పష్టం. భార్యాభర్తలు ఒక జత, వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి, అడ్వాన్సు పుచ్చుకునేది భర్త. ఆమెకు ఎంత తక్కువ ఇచ్చారో చెప్పే వీలు కూడా ఉండదు. ఆమె పేరిట లెక్కే లేదు.

కోతను తేలిక పని అనడాన్ని మనం ప్రశ్నించాలి. ఎండలో నడుము వంచి, మిర్చి ఘాటుకు చేతులు మండుతుండగా పొద్దంతా కోయడం తేలికా? తెల్లవారకముందే వంట, నీళ్లు, పసిబిడ్డల ఆలనా ఆమెవే. ఆ శ్రమకు కూలే లేదు.

చట్టాలు లేకపోలేదు. సమాన పనికి సమాన వేతనాన్ని రాజ్యాంగంలోని 39(డి) అధికరణం ఆదేశించింది. 1976 నాటి సమాన వేతన చట్టం, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ ఒకే తరహా పనికి వివక్ష కూడదన్నాయి. కానీ పనినే రెండుగా చీల్చి వేరువేరు పేర్లు పెడితే, చట్టం పోల్చి చూడటానికి ఏమీ మిగలదు. వలస కార్మికులకై 1979లో చేసిన చట్టం రాష్ట్రం దాటినవారికే వర్తించింది. కర్నూలు నుంచి గుంటూరు వెళ్లిన స్త్రీ దాని పరిధిలోకే రాలేదు.

అందుకే మన డిమాండు సూటిగా ఉండాలి. మేస్త్రీ పుస్తకంలో ప్రతి స్త్రీ పేరు విడిగా రాయాలి. ఆమె కోసినది విడిగా తూచాలి. ఆమె కూలి ఆమెకే చేరాలి. 2005 ఉపాధి హామీ చట్టం కింద అవే ఊళ్లలో మస్టరులో స్త్రీల పేర్లు ఎక్కాయి, ఒకే పనికి ఒకే రేటు కట్టారు. చెరువు పనిలో సాధ్యమైనది మిర్చి చేనులో ఎందుకు కాదు?

ఇక మన ఇంటి మాట. పురుషులు సంపాదించినదానిలో పురుషులకు, స్త్రీలు సంపాదించినదానిలో స్త్రీలకు భాగముందని సూరా నిసా 32వ ఆయత్ బోధిస్తుంది. మహర్ ఆమె హక్కని నికా వేళ పదిమంది ముందు ఒప్పుకునే మనం, ఆమె చెమటకు దక్కిన కూలిని అడగకుండానే జేబులో వేసుకోవడం ఏ న్యాయం? మేస్త్రీని నిలదీసే నైతిక బలం మనకు రావాలంటే, మొదట మన ఇంట్లో ఆమె డబ్బు ఆమె చేతిలో పడాలి.