విజయమునకు మూలము

కొరియా స్త్రీలకు గోల్ఫు ఆట పుట్టుకతోనే అబ్బినదని కొందరందురు. అది సరికాదు. 1998లో పాక్ సెరి అమెరికా మహిళల ఓపెన్ పోటీని గెలిచెను. ఆమెను చూచి ఎందరో బాలికలు గోల్ఫు కర్ర చేతబట్టిరి. వారిలో ఒకతెయైన ఇన్‌బీ పార్క్ 2016లో రియో ఒలింపిక్సున స్వర్ణపతకము నందెను.

ఆ రియోలోనే మన పి.వి. సింధు బ్యాడ్మింటనున రజతము గెలిచెను. ఆమెకు ముందు, 2012లో లండనున కాంస్యము పొందిన సైనా నెహ్వాల్ దారి చూపెను. ఇరువురును హైదరాబాదున పుల్లెల గోపీచంద్ వద్ద శిక్షణ పొందినవారే. కావున ఆదర్శము, గురువు, సాధన అను మూడును విజయమునకు మూలములు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బాలికలకును శక్తి కలదు. కాని సాయంకాలమున కొడుకు నాటకును, కూతును నీళ్లకును పంపు నింటికి పతకము రాదు. ఆ గంట తీరికను కూతునకును ఇచ్చుట పెద్దల ధర్మము.