తెల్లగా కాదు, తేటగా కనిపిద్దాం

క్యాంపస్ ఇంటర్వ్యూల సీజన్ మొదలైతే నెల్లూరు ట్రంకు రోడ్డు బట్టల షాపుల్లో ఒక మాట పదేపదే వినిపిస్తుంది. ‘నువ్వు చామనచాయ కదా, ముదురు రంగులు నీకు నప్పవు. లేత రంగు తీసుకో, కాస్త తెల్లగా కనిపిస్తావు.’ చెప్పేది అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, కౌంటర్ దగ్గరి సేల్స్‌మన్ కావచ్చు. మీ మేలు కోరే చెప్తారు. కానీ ఆ సలహాలో రెండు పొరపాట్లున్నాయి. లేత రంగు వేసుకుంటే మొహం తెల్లగా కనిపిస్తుందన్నది మొదటిది. అసలు తెల్లగా చూపించడమే బట్టల పని అనుకోవడం రెండోది.

మొదటిది సైన్స్‌లో పొరపాటు. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకం విభాగం చూసుకునే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదు వచ్చింది. పరిశీలిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన రంగులే ఆ నలుపును అలా చూపిస్తున్నాయి. దీనిమీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశారు. మన కన్ను ఏ రంగునూ ఒంటరిగా చూడదు, పక్కనున్నదానితో పోల్చి చూస్తుంది. తళతళలాడే తెల్ల చొక్కా పక్కన చామనచాయ మొహం ఇంకాస్త ముదురుగానే కనిపిస్తుంది తప్ప తెల్లగా మారదు.

రెండోది మన పెంపకంలో పొరపాటు. రాముణ్ణి, కృష్ణుణ్ణి నీలమేఘశ్యాములని కొలుస్తాం. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె ఛాయను బట్టే వచ్చింది. పెళ్లిచూపుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘అమ్మాయి ఎర్రగా ఉందా’ అనేదే మొదటి ప్రశ్న. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ తన పేరులోంచి ‘ఫెయిర్’ తీసేయడానికి 2020 దాకా పట్టింది. డబ్బా మీద పేరు మారింది కానీ ఇళ్లలో మాట ఇంకా మారలేదు.

మైపాడు, తుమ్మలపెంట ఒడ్డున ఆడుకుని, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగి పెరిగిన ఒంటికి ఎండ రంగు వస్తుంది. అది మురికీ కాదు, జబ్బూ కాదు. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికి చర్మం మెలనిన్‌ను ఎక్కువగా తయారు చేసుకుంటుంది, అంతే. దాన్ని పోగొట్టుకోవాలని డాక్టరును అడక్కుండా స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు, ఎర్రదనం మొదలవుతాయి. ‘తెల్లగా కనిపిస్తావు’ అనే చిన్న సలహా కొందరిని అక్కడిదాకా తీసుకెళ్తోంది. అందుకే బట్టల రంగు గురించి ఇంత గట్టిగా మాట్లాడాల్సి వస్తోంది.

చార్టు ఎవరి కోసం గీశారు?

మీ ఛాయకు ఏ రంగు నప్పుతుందో చెప్తామనే చార్టులు, యాప్‌లు ఇప్పుడు బోలెడు. చాలావాటికి మూలం 1980లో అమెరికాలో కరోల్ జాక్సన్ రాసిన ‘కలర్ మీ బ్యూటిఫుల్’. మనుషులను వసంతం, గ్రీష్మం, శరత్తు, శీతాకాలం అని నాలుగు గడుల్లో పెట్టే పద్ధతి అది. బంగారు జుట్టు, ఎర్ర జుట్టు, నీలి కళ్లు, ఆకుపచ్చ కళ్లు ఉన్న సమాజంలో ఆ విభజన ఎంతో కొంత పనిచేస్తుందేమో. నల్ల జుట్టు, ముదురు కళ్లు ఉన్న మన క్లాసులో మాత్రం దాదాపు అందరం శీతాకాలం గడిలోనే పడతాం. పక్క బెంచీవాడికీ మీకూ తేడా చెప్పలేని చార్టుతో ఏం లాభం? మణికట్టు నరాలు నీలంగా ఉన్నాయా, ఆకుపచ్చగా ఉన్నాయా చూసుకోమనే చిట్కా కూడా అంతే. ముదురు చర్మం కింద నరం రంగు తేలిగ్గా తెలియదు.

శాస్త్రం కూడా మన ఛాయల దగ్గరికి ఆలస్యంగానే వచ్చింది. చర్మవైద్యులు వాడే ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు 1975లో తెల్ల చర్మానికి ఎండ ఎంత పడుతుందో చూడటానికే మొదలైంది. గోధుమ, నలుపు ఛాయలను తర్వాత కలిపారు. 2018లో జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ మొహం చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. ముదురు ఛాయ ఆడవాళ్ల విషయంలో అవి 34.7 శాతం దాకా ఉన్నాయి. హార్వర్డ్ ఆచార్యుడు ఎలిస్ మాంక్ తయారుచేసిన 10 ఛాయల స్కేలును గూగుల్ విడుదల చేసింది 2022లో.

కాబట్టి సెల్ఫీ అప్‌లోడ్ చేస్తే యాప్ చెప్పే తీర్పును వేదవాక్కుగా తీసుకోకండి. యాప్‌కు కనిపించేది మీ చర్మం ఒక్కటే కాదు. చర్మం, దాని మీద పడిన వెలుతురు, ఫోన్ చేసిన సవరణ, మూడూ కలిసిన పిక్సెల్. ట్యూబ్‌లైట్ కింద ఒకటి, వరండాలో ఒకటి తీసి రెండూ పెట్టండి. ఒకే మనిషికి రెండు జవాబులు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పరీక్ష మీ ఇంట్లోనే

దీనికి పైసా ఖర్చు లేదు. పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు నేరుగా ఎండ పడని కిటికీకి ఎదురుగా నిలబడండి. గది లైట్లు ఆర్పేయండి. ఇంట్లో ఉన్న చున్నీలు, పైటలు, చొక్కాలు, తువాళ్లు ఒక్కొక్కటిగా గడ్డం కింద పెట్టి అద్దంలో చూసుకోండి. ఫొటో తీస్తే బ్యూటీ ఫిల్టర్ కచ్చితంగా తీసేయండి.

చూడాల్సింది ‘తెల్లబడ్డానా’ అని కాదు. మూడు విషయాలు గమనించండి. మొదట కంటికి తగులుతున్నది బట్టా, మీ కళ్లా? కళ్ల కింద నీడ తగ్గిందా, పెరిగిందా? పెదవుల అంచు, దవడ గీత స్పష్టంగా ఉన్నాయా? బట్ట మీద పడిన వెలుతురు తిరిగి గడ్డం మీదికి కొడుతుంది, తన రంగును కొంత అక్కడ పూస్తుంది. మొహం అలసటగా కనిపించడానికీ, కళగా కనిపించడానికీ తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది.

చామనచాయ, నలుపు ఛాయల మీద నిండు రంగులు సాధారణంగా బాగుంటాయి. వంకాయ రంగు, నెమలికంఠం, ముదురు ఆకుపచ్చ, మెరూన్, మామిడిపండు రంగు వేసి చూడండి. వెలిసినట్టుండే ఖాకీ, మట్టి రంగు చర్మానికి మరీ దగ్గరైతే మొహం బట్టలో కలిసిపోయి వెలవెలబోతుంది. తెలుపు ఇష్టమా? పాల తెలుపు కాకుండా గంధం రంగో, మీగడ రంగో ప్రయత్నించండి. ఇవి నియమాలు కావు, మొదలుపెట్టడానికి దారి మాత్రమే. చివరి మాట కిటికీ దగ్గరి అద్దానిదే.

మన ఉక్కపోతకూ లెక్కుంది

ఇంగ్లిష్ చిట్కాల్లో కనిపించని సంగతి ఒకటుంది, అదే చెమట. గూడూరులో బస్సెక్కి తడ దగ్గర దిగి శ్రీసిటీలో ఇంటర్వ్యూకి వెళ్లేసరికి చొక్కా సగం తడుస్తుంది. బూడిద రంగు, లేత నీలం మీద చెమట మరక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపు, నేవీ బ్లూ దాన్ని చాలావరకు దాస్తాయి. నలుపు మీద తడి కనిపించదు కానీ ఆరాక ఉప్పు చారలు తేలతాయి, పైగా ఎండలో బాగా వేడెక్కుతుంది. రంగు ఎంత నప్పినా పాలిస్టర్ అయితే మన కోస్తాలో మధ్యాహ్నానికి నరకమే. కాటన్‌కే ఓటు.

కెమెరా ముందు

మొదటి రౌండు ఇప్పుడు చాలాచోట్ల వీడియోలోనే. కెమెరా తెర మొత్తం వెలుతురును సగటు తీసి సర్దుకుంటుంది. తెల్ల చొక్కా, తెల్ల గోడ, వెనక కిటికీ ఉంటే అది వెలుతురు తగ్గించేస్తుంది, మీ మొహం చీకట్లో పడిపోతుంది. ఫోన్లు మొహాన్ని గుర్తించి కొంత సరిచేస్తాయి కానీ పూర్తిగా కాదు. కిటికీని వెనక కాదు, ఎదురుగా పెట్టుకోండి. మధ్యస్థమైన రంగు గోడ ఎంచుకోండి. తెల్ల చొక్కానే డ్రెస్ కోడ్ అయితే ఫొటోల్లో మొహం మీద వేలితో తాకి ఎక్స్‌పోజర్ పెంచినట్టే, వీడియోలో ఎదురుగా ఒక టేబుల్ లైటు పెంచండి. పౌడరు పొర పెంచడం మాత్రం వద్దు.

రంగు ఓ కెరీర్ కూడా

ఈ విషయం ఆసక్తిగా అనిపిస్తే ఇక్కడితో ఆగక్కర్లేదు. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న వెంకటగిరి, జాందానీ బుటాలకూ జరీ అంచులకూ పేరుపొందిన ఊరు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేస్తే ఒంటి మీద ఏ మెరుపొస్తుందో అక్కడి మగ్గానికి తెలుసు. అదే ఊళ్లో ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు మొబైల్ కెమెరా ట్యూనింగ్, డిస్‌ప్లే క్యాలిబ్రేషన్, వస్త్ర పరిశ్రమలో కలర్ మ్యాచింగ్ లాంటి పనులున్నాయి. మన ఛాయలను సరిగ్గా చూపించే కెమెరా కావాలంటే, ఆ టీముల్లో మన ఛాయవాళ్లు ఉండటం అన్నింటికంటే దగ్గరి దారి.

ఈసారి షాపులో ఎవరైనా ‘ఇది నీ రంగుకు నప్పదు’ అంటే గొడవ పడకండి, చిన్నబోకండి. ఆ చొక్కా పట్టుకుని షాపు గుమ్మం దాకా వచ్చి, పగటి వెలుతురులో గడ్డం కింద పెట్టి చూసుకోండి. నచ్చితే బిల్లు వేయించండి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే, వాళ్లకు బట్టలు ఎంచేటప్పుడు ‘తెల్లగా కనిపిస్తావు’ అనే మాటను మీ నోట రానివ్వకండి.