‘టింగు’మంటే పరిగెత్తాలా?

ఇదివరకు వూళ్ళల్లో టముకు వేసేవాడికి వేళాపాళా వుండేవి. మా నాయనమ్మ చెబుతూండేది. జనం పొలాలనుంచి యిళ్ళకి చేరి, కాళ్ళు కడుక్కున్నాకనే వచ్చి నాలుగువీధుల మొగలో నిలబడేవాడట. ఎల్లుండినుంచి కాలవ కట్టేస్తారనో, ఫలానావారి గేదె బందెలదొడ్లో వుందనో, వున్న ముక్క చెప్పి వెళ్ళిపోయేవాడు. అంతేగాని గుమ్మం గుమ్మానికీ వచ్చి, “అమ్మగారూ, మొన్న తమరు చూసి వదిలేసిన చీర తమకోసం బెంగపెట్టుకుందండీ” అని అరిచేవాడు కాదు. అరిస్తే వూరుకునే మనిషి కూడా కాదనుకోండి, మా నాయనమ్మ.

ఇప్పుడా టముకువాణ్ణి మనమే వేలకి వేలు పోసి కొని, చేతిసంచీలో వేసుకు తిరుగుతున్నాం. పగలనక రేయనక టింగు, టింగు. తెల్లవారకుండానే రాశిఫలాలు. పదకొండయ్యేసరికి “ఆకలేస్తోందా?” అని పరామర్శ. కట్టుకున్నవాడు కూడా అడగడమ్మా ఆ మాట! మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామంటే, మనం అడగకుండానే మంజూరైపోయిన అప్పు. రాత్రి పదింటికి, “అయిదు నిమిషాల్లో ఈ బేరం ముగిసిపోతుంది, త్వరపడండి.” మర్నాడు చూస్తే ఆ బేరం చెక్కుచెదరకుండా అక్కడే వుంటుంది.

“ఇంత చిన్న విషయానికి యింత రాద్ధాంతమా? అక్కర్లేకపోతే కట్టేసుకో” అంటారు మగవారు.

వారికేం, అంటారు. ఆ టింగు మోగినప్పుడు వారి చేతిలో పేపరుంటుంది. మన చేతులు శనగపిండిలో వుంటాయి. చేయి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని పరిగెత్తేది మనం. చీర బెంగ తీర్చడానికా పరిగెత్తేది? బడి బస్సు ఆలస్యమని చెప్పేదీ ఆ టింగే, గ్యాసుబండ వస్తోందని చెప్పేదీ ఆ టింగే, హైదరాబాదు వెళ్ళిన పిల్ల క్షేమంగా దిగానని చెప్పేదీ ఆ టింగే. ఇంటిల్లిపాది కబుర్లూ కనిపెట్టుకుని వుండే వుద్యోగం ఆడదానికి యెవరిచ్చారో గాని, మనం ఆ వుద్యోగంలో వున్నామని ఈ వ్యాపారులు కనిపెట్టేశారు. పోస్టుమాన్ కేక విని వీధిలోకి వెళితే, అతని గొంతుతో సబ్బులమ్మేవాడు నిలబడి వున్నట్టుంటుంది వ్యవహారం.

దీనికి అసలు కారణం వాళ్ళకి ఖర్చు లేకపోవడం. తంతి రోజుల్లో మాటకింత అని లెక్కకట్టి డబ్బు తీసుకునేవారు గనక, యెంత దుబారా మనిషైనా నాలుగు మాటల్లో ముగించేవాడు. ఆ తంతి కూడా 2013 జూలైలో మన దేశంలో ఆగిపోయింది. తరవాత ఫోనుకి పంపే మెసేజీకీ అంతో యింతో కట్టాలి. ఈ యాపుల టింగు వుంది చూశారూ, అది లక్షమందికి పంపినా పంపేవాడికి దాదాపు పైసా పడదు. ఊరికే వస్తే యెన్ని కొడతాడో మీరే వూహించుకోండి. ఖరీదంతా మన నిద్రలోంచీ మన పనిలోంచీ కట్టుకుంటున్నాం.

ఇహ “కట్టేసుకో” అన్న మాట సంగతి. నేను ప్రతి యాపునీ విప్పి చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2017నుంచీ ఒక మంచి యేర్పాటు వుంది. మన పోపులపెట్టె లాంటిదే. ఒక్కొక్క రకం కబురుకి ఒక్కొక్క గిన్నె. వచ్చిన కబురుమీద వేలుపెట్టి కాసేపు నొక్కి వుంచితే, అది యే గిన్నెలోదో తెలుస్తుంది. అక్కర్లేని గిన్నె మూసేసి, అవసరమైనది తెరిచి వుంచుకోవచ్చు. ఎంత చక్కటి ఆలోచన! అయితే యే గిన్నెలో యేం పొయ్యాలన్నది మాత్రం యాపు తయారుచేసినవాడి చేతిలో వుంది. బుద్ధిమంతుడైతే సరుకు వచ్చిన కబురు ఒకదాంట్లో, ప్రకటనలు వేరొకదాంట్లో పోస్తాడు. మిగతావాళ్ళు? ఆవాలూ, మెంతులూ, మిరియాలూ కలిపి ఒక్క గిన్నెలో పోసి, దానికి “సాధారణం” అని పేరుపెట్టి, యేరుకోవమ్మా అంటారు. మూస్తే గ్యాసుబండ కబురూ పోతుంది, తెరిస్తే చీర యేడుపూ వినాలి. చేతకాక చేసిన పనంటారా యిది? నేను నమ్మను. ప్రతి మనిషీ చూసి వదిలేసిన చీర రంగు కూడా గుర్తుపెట్టుకునేవాడికి రెండు గిన్నెలు వేరుచెయ్యడం రాదా?

ఈ కలగాపులగం వల్ల యేం జరుగుతుందో తాడేపల్లిగూడెంలో వున్న మా పిన్ని కూతుర్ని అడగండి. వాళ్ళది ఉల్లిపాయల వ్యాపారం. సరుకు దిగే రోజుల్లో ఫోను చెవిదగ్గరే వుండాలి. దాని బ్యాంకు యాపు (పేరు చెప్పను) రోజుకి రెండుసార్లు బంగారంమీద అప్పు కావాలా అని అడిగేది. విసిగి వేసారి మొత్తం నోరు మూయించింది. ఒకనాడు ఖాతాలోంచి యెవరో డబ్బు లాగారు. యాపు చెప్పలేదు, చెప్పొద్దందిగా! మామూలు మెసేజీ వచ్చింది కూడానూ. దానికి ముందూ వెనకా అలాంటి అప్పుల పిలుపులే యిరవై వుంటే అది యెవరి కంటపడుతుంది? అయిదోరోజుకి గానీ చూసుకోలేదు. తప్పు దానిదేనన్నారు బ్యాంకులో. 2017లో రిజర్వుబ్యాంకు యిచ్చిన ఆదేశంలో, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాకుండా యెవరో మూడోవాడు మోసం చేసినప్పుడు, కబురందిన మూడు పనిదినాల్లోగా చెప్పుకుంటే నష్టం ఖాతాదారుమీద పడకూడదన్నారు. తరవాత చెప్పినకొద్దీ భారం మనమీద పెరుగుతుంది. కబురందడమంటే ఫోనులో పడడమా, మనిషి కంట్లో పడడమా? ఆ ఒక్క కబురునీ చెత్తలో కలిపేసినవాడికి యే భారమూ లేదా?

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ఏలూరులో వున్నవాళ్ళం, మాకు అంతకంటె పెద్ద భయం యింకోటుంది. పైన వానపడితే వూళ్ళోంచే తమ్మిలేరు వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి బెజవాడ ఎలా మునిగిందో అందరం చూశాం. ఆ బుడమేరూ, ఈ తమ్మిలేరూ, రామిలేరూ కూడా చేరవలసింది కొల్లేటికే. కొల్లేటినుంచి సముద్రానికి దారి వుప్పుటేరు ఒక్కటే. అంచేత పైవూళ్ళో ఈవేళ పడిన వాన లంకల్లోవాళ్ళకి రేపటి సంగతి. ఆ ఒక్కరోజు ముందు కబురందితే గేదెల్ని గట్టుకి తోలుకోవచ్చు, బియ్యం అటకెక్కించుకోవచ్చు, నెలలు నిండిన పిల్లని ఏలూరు ఆసుపత్రికి చేర్చుకోవచ్చు. ఆపదవేళ టవర్లనుంచి నేరుగా అన్ని ఫోన్లకీ ఒక్కసారి హెచ్చరిక పంపే పద్ధతిని 2023లో దేశమంతా మోగించి పరీక్షించారు, జ్ఞాపకముందా? ఫోను బావురుమంటే సగంమంది హడలిపోయారు. మిగతా సగం “ఇదేదో కొత్తరకం ప్రకటన” అని నొక్కిపారేశారు. “నాన్నా, పులి” కథలో అబ్బాయి మూడుసార్లే అబద్ధమాడాడు పాపం. వీళ్ళు రోజుకి ముప్ఫయిసార్లు అరుస్తున్నారు. నిజంగా పులి వచ్చిననాడు యెవరు లేస్తారు?

చట్టం లేదా అంటారేమో. 1909కి చెప్పుకుంటే వ్యాపార ఫోన్లూ మెసేజీలూ ఆపించుకోవచ్చు, మంచిదే. యాపుల టింగులు దాని కిందికి రావు. అదీ వాళ్ళ ధైర్యం. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదమూడు రకాల మాయోపాయాల జాబితా ఒకటి వేసి, యివి కూడదంది. అందులో మాటిమాటికీ అడిగి విసిగించడం వుంది, లేని తొందర పెట్టడం వుంది, వద్దన్నవాళ్ళు సిగ్గుపడేలా మాట్లాడడం కూడా వుంది. 2025 జూన్‌లో, మూడునెలల్లోగా మీ యిల్లు మీరే తనిఖీ చేసుకోండని ఆన్‌లైను వ్యాపారులకి మళ్ళీ సలహా చెప్పారు. దొంగ చేతికే తాళాలిచ్చి, యిల్లు చూసుకోమన్నట్టుంది నాకైతే. చేయవలసింది ఒకటే: అడిగితేనే ప్రకటన రావాలి, అడగకపోతే రాకూడదు. ఆపిల్‌వారు 2020లో అలాంటి నియమమే పెట్టారు, మనిషి స్పష్టంగా ఒప్పుకుంటేనే ప్రకటనల కబుర్లు పంపాలని. ఆండ్రాయిడ్‌లో కూడా 2022లో వచ్చిన పదమూడో రకంనుంచీ, కొత్తగా వేసుకున్న యాపు ముందు అనుమతి అడగాలి. అయితే ఆ అడగడం మొత్తానికి కలిపి ఒక్కసారే. “గ్యాసుబండకి సరే, చీరకి వద్దు” అనే వీలు అక్కడ లేదు.

నాకు వ్యాపారంమీద పగేమీ లేదు. మా వీధిలో యింట్లోనే చీరలమ్మే ఆవిడ వుంది. కొత్త సరుకు దిగితే వాట్సాప్‌లో ఫొటోలు పెడుతుంది. పెట్టమని నేనే చెప్పాను. ఆవిడ రాత్రి పదకొండింటికి పెట్టదు. రెండు నెలలు కొనకపోయినా “మమ్మల్ని మరిచిపోయారా” అని దెప్పదు. ఇంత పెద్ద కంపెనీలకి ఆ మాత్రం మర్యాద యెక్కువా?

పిల్లల్ని అడిగితే ఫోను లాక్కుని, రెండు నొక్కులు నొక్కి, “అయిపోయిందమ్మా, నీకు తెలీదులే” అని చేతిలో పెడతారు. ఏం మూశారో, యేం తెరిచారో మనకి తెలియదు. ఆ పని పిల్లలకి వదలకండి. తీరిగ్గా ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు అన్నచోట తెరిచి, ఒక్కొక్క యాపూ పట్టండి. బ్యాంకుదైతే లావాదేవీల గిన్నె వుంచి, ఆఫర్ల గిన్నె మూయండి. బడిదీ ఆసుపత్రిదీ ముట్టుకోకండి. ఎమర్జెన్సీ అలర్టులన్నది విడిగా వుంటుంది. అది యెంత బావురుమన్నా మూయకండి, ముఖ్యంగా తొలకరినుంచి కార్తీకందాకా. గిన్నెలు వేరుచెయ్యని యాపు కనిపిస్తే దాన్ని వూరికే తీసిపారెయ్యొద్దు. తీసేసేముందు, నక్షత్రాలిచ్చి అభిప్రాయం రాయమనే చోటుకి వెళ్ళి, ఒక్క నక్షత్రం పెట్టి, కింద కారణం తెలుగులోనే రాయండి. నేను ఇప్పటికి నాలుగింటికి రాశాను. ఒకరు మాత్రం జవాబిచ్చారు, “మీ అభిప్రాయం మాకు యెంతో విలువైనది” అని. అది కూడా టింగుమనే వచ్చింది.